రెండు గదుల జోస్యం

ఆ ఆసుపత్రి స్కానింగ్ విభాగంలో ఆమెను పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. పెద్ద డాక్టర్ల దగ్గర్నుంచి నేల తుడిచే మనిషి దాకా అందరికీ ఆమె అనుమానాలక్కే. మొదట్లో ఆమె అటు తిరిగాక అనేవాళ్లు. తర్వాత ముఖం మీదే అనడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఫోనెత్తి ఆమే "అనుమానాలక్కని, చెప్పండి" అంటుంది.

ఆ పేరు ఊరికే రాలేదు. ఎమ్మారై యంత్రమంటే ఎప్పుడూ ఆగని పెద్ద అయస్కాంతం. లోపలికి వెళ్లే ప్రతి మనిషినీ ఒంటిమీద గానీ ఒంట్లో గానీ లోహం ఉందా అని అడగాలి. అందరూ ఒకసారి అడుగుతారు. ఆమె మూడుసార్లు, మూడు రకాలుగా అడుగుతుంది. ఒకసారి ఒకాయన మూడుసార్లూ లేదనే అన్నాడు. ఆమెకు మింగుడు పడలేదు. అతని గోళ్ల సందుల్లో నలుపు చూసి, ఏం పని చేస్తారని అడిగింది. లేతు మిషను మీద పని అన్నాడు. ఎప్పుడైనా కంట్లో ఇనుప రజను పడిందా అంటే, "పదేళ్ల కిందట పడింది, తీశారు, అంతా వచ్చిందో లేదో మరి" అన్నాడు. ఎక్స్‌రే తీస్తే కనుగుడ్డు పక్కన ఇంకా ఓ నలుసు ఉంది. అలాగే యంత్రంలోకి పంపి ఉంటే ఆ కన్ను పోయేదే. ఆ రోజు నుంచి ఆమె ప్రశ్నలకు నవ్వడం మానేశారు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

నేలమాళిగలో లిఫ్టు పక్కన కొత్త యంత్రం ఉన్న గది, నడవా చివర పాత యంత్రం ఉన్న గది. పాతది పద్నాలుగేళ్లది. ఇరుకు, చప్పుడెక్కువ, ముసలాయన దగ్గినట్టు ఆగి ఆగి పనిచేస్తుంది. కొత్తది వచ్చి ఆరేళ్లయింది. బొమ్మ స్పష్టంగా వస్తుంది, పని సగం సేపట్లో అయిపోతుంది. పందొమ్మిదేళ్లుగా ఆమె ఉద్యోగమంతా ఈ నడవాలోనే గడిచింది.

ఆ ఏడాది నరాల విభాగం పెద్ద డాక్టరు ఓ కొత్త ప్రోగ్రాం తెప్పించాడు. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్ల కోసం. ఒంటిని కాపాడాల్సిన కణాలే నరాల మీది పొరను కొరికేసే జబ్బు అది. మెదడు స్కానులో తెల్లమచ్చలుగా కనిపిస్తుంది. కొన్నాళ్లు పడుకుని ఉంటుంది, ఉన్నట్టుండి లేస్తుంది. ఎప్పుడు లేస్తుందో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఈ ప్రోగ్రాం మాత్రం చెబుతానంటుంది. స్కాను చూసి, రాబోయే ఏడాదిలో ఈ మనిషికి జబ్బు తిరగబెట్టే అవకాశం నూటికి ఎంతో ఒక అంకె ఇస్తుంది. స్కానింగ్ విభాగంలో వాళ్లు దానికి జోస్యం అని పేరు పెట్టేశారు. "జోస్యం వచ్చిందా?" "వచ్చింది, నూటికి డెబ్బై, పాపం."

ఆరు నెలల పాటు అంకెల్ని ఊరికే రాసిపెట్టుకోవాలి, వాటిని చూసి మందులు మార్చకూడదు అన్నది నియమం. నాలుగో నెలకే పెద్ద డాక్టరు మాట మారింది. పాత రెండేళ్ల స్కాన్లు ఇచ్చి చూస్తే నూటికి తొంభై సార్లు సరిగ్గా చెప్పిందట. అంకె తక్కువ వచ్చినవాళ్లను ఘాటు మందుల నుంచి తేలిక మందులకు మార్చడం గురించి ఆలోచిద్దాం అన్నాడు మీటింగులో. పక్కనే కంపెనీ ప్రతినిధి, బూడిదరంగు కోటు వేసుకున్న ఆవిడ, కళ్లు దించుకుని కాగితాలు సర్దుకుంటోంది. ఆవిడ కళ్లు ఎందుకు దించుకుందా అని అనుమానాలక్కకు అప్పుడే పురుగు తొలిచింది.

ఆ తేలిక మందుల జాబితాలో ఆమె తమ్ముడున్నాడు.

తమ్ముడు బోర్డులు రాస్తాడు. దుకాణాలకు, బళ్లకు, లారీల వెనకాలకు. ముప్పై ఆరేళ్లు. ఏడేళ్ల కిందట ఎడమకాలు ఈడ్చడం మొదలైతే నిచ్చెన ఎక్కి ఎక్కి పట్టేసిందనుకున్నారు. తీరా చూస్తే ఈ జబ్బు. అప్పట్లో రెండు నెలలు మంచం మీదే ఉన్నాడు. ఆ రెండు నెలలూ అతని భార్యే దుకాణం తెరిచి, ఆర్డర్లకు సమాధానం చెప్పుకుంది. తర్వాత మందు పడింది, మనిషి నిలదొక్కుకున్నాడు. ఏటా ఒకసారి వచ్చి స్కాను చేయించుకుని వెళ్తాడు.

ఆ మీటింగుకు వారం ముందు, ఈసారి కూడా ఆమే చేసింది. పాత గదిలో, మధ్యాహ్నం భోజనాల వేళ, వెనక ఇంకో ఐదుగురు వేచి ఉండగా. ఫారం మీద పెన్ను ఆనించి, "కొత్తగా ఇబ్బందులేమైనా?" అంది.

"ఏం లేవక్కా."

ఆమె గీత గీసి పడుకోమంది.

మర్నాడు అంకె వచ్చింది. పదకొండు. తమ్ముడు ఫోన్లో గంతులేశాడు. "నూటికి పదకొండు! అంతకన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్నందుకే లెక్కల్లో నాన్న నా వీపు చీరేసేవాడు. ఇప్పుడు అందరికీ స్వీట్లు పంచాలి." ఆమె కూడా నవ్వింది. ఫోను పెట్టేశాక నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. వాడి గొంతు మామూలు కన్నా ఒక మెట్టు పైనుంది. చిన్నప్పుడు కిటికీ అద్దం పగలగొట్టి వచ్చినప్పుడు కూడా ఇలాగే గంతులేసేవాడు.

ఆ గురువారం పాత గదిలో ఏడుగురికి స్కాన్లు చేసింది. సాయంత్రం అంకెలు చూసింది. తొమ్మిది, పద్నాలుగు, ఎనిమిది, పన్నెండు, పది, పదమూడు, పది. ఆ ఏడుగురిలో ఒకామె పోయినేడు తనంత తాను నడిచి వచ్చింది, ఈసారి గోడ పట్టుకుని వచ్చింది. ఆమెక్కూడా పదే.

అనుమానాలక్క కొత్త గది జాబితా తెరిచింది. అరవై రెండు, డెబ్బై, అరవై ఎనిమిది. మధ్యలో ఒక డెబ్బై నాలుగు. ఆ మనిషి ఆమెకు బాగా తెలుసు. ఈత నేర్పే శిక్షకుడు. ఐదేళ్లుగా ఒక్క కొత్త మచ్చ లేదు, రాయిలా ఉన్నాడు. మామూలుగా అతను పాత గదికే వస్తాడు. అతను వచ్చిన రోజు పాత యంత్రం చల్లదనం తగ్గి మొరాయిస్తే కొత్త గదిలో పడుకోబెట్టారు. డెబ్బై నాలుగు!

డ్యూటీ చార్టు వెనక పెన్సిలుతో రెండు గళ్లు గీసింది. ఒకటి పాత గది, ఇంకొకటి కొత్త గది. ఆ రోజు నుంచి ఎవరూ చూడనప్పుడు అంకెలు ఎక్కించడం మొదలుపెట్టింది.

అనుమానం అక్కడితో ఆగితే ఆమె అనుమానాలక్క ఎందుకవుతుంది? పెద్ద డాక్టరూ బూడిదరంగు కోటావిడా తలుపు వేసుకుని గంటసేపు ఏం మాట్లాడుకుంటున్నారు? ఆవిడ మొదటిరోజే "రెండు మిషన్ల ఫైళ్లూ కలిపేసి ఇచ్చారా?" అని ఎందుకు అడిగింది? అడిగి, అవునంటే మాట్లాడకుండా ఎందుకు ఊరుకుంది? వీళ్లకు తెలుసు, తెలిసే దాస్తున్నారు అనిపించింది ఆమెకు. తను నడవాలో వెళ్తుంటే వాళ్లిద్దరూ మాట ఆపేసినట్టు కూడా తోచింది. నిజంగా ఆపేశారో, ఆమెకే అలా తోచిందో.

ఆదివారం పొద్దున్నే తమ్ముడి దుకాణానికి వెళ్లింది. అతను ఓ మందుల దుకాణం బోర్డుకు ఎర్రక్షరాలు దిద్దుతున్నాడు. వీపు ఇటు ఉంది, ఆమె వచ్చినట్టు చూడలేదు. కుంచె ముంచాడు. ఎడమ కన్ను మూసి ఎరుపు వంక చూశాడు. తర్వాత ఎడమది తెరిచి, మణికట్టుతో కుడి కన్ను కప్పుకుని మళ్లీ చూశాడు. డబ్బాలో ఇంకాస్త ఎరుపు కలిపాడు. అక్షరాలు రక్తం గడ్డకట్టినట్టు ఉన్నాయి. ఇన్నేళ్లుగా చూస్తోంది, వాడు ఇంత ముదురు ఎరుపు ఎప్పుడూ వాడలేదు.

"ఏమైందిరా కంటికి?"

అతను ఉలిక్కిపడ్డాడు. "ఏం లేదక్కా, పెయింటు చిందింది."

రెప్ప మీద పెయింటు చుక్క లేదు. అంతలో లోపలి నుంచి మరదలు గబగబా వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. "ఎప్పుడొచ్చావు వదినా? కూర్చో, కాఫీ పెడతా" అంది. ఎప్పుడూ కళ్లలోకి చూసి మాట్లాడే పిల్ల, ఆ రోజు వదిన భుజం మీది సంచీతో మాట్లాడింది. కాఫీలో చక్కెర వేయడం కూడా మర్చిపోయింది. ఆమె అదే తాగి, ఏమీ అనకుండా వచ్చేసింది. అడిగితే ఇద్దరూ కలిసి ఇంకో అబద్ధం అల్లుతారు. ముందు ఆ పదకొండు సంగతి తేల్చాలి. ఆ అంకె వాడి చేతిలో ఉన్నన్నాళ్లూ వాడు ఎవరి మాటా చెవిన పెట్టడు.

రెండు వారాలయ్యేసరికి పెన్సిలు గళ్లలో అరవై ఒక్క అంకెలు చేరాయి. పాత గడిలో ఇరవై దాటింది ఒక్కటీ లేదు. కొత్త గడిలో యాభైకి తగ్గింది ఒక్కటీ లేదు.

తోటి టెక్నీషియనుకు చూపించింది. అతన్ని అందరూ బావగారనే పిలుస్తారు. ఎవరికి బావో ఎవరికీ తెలియదు. అతను కాగితం అటూ ఇటూ తిప్పి, "కొత్త గదికి జబ్బు ముదిరినవాళ్లే కదా పంపేది. ఎక్కువ రావడంలో వింతేముంది?" అన్నాడు.

"ఈత మాస్టారికి ముదిరిందా?"

బావగారు బుర్ర గోక్కున్నాడు.

"రేపు ఆరింటికి రా. యంత్రాలు సరిచూసే టైములో నన్నే పడుకోబెట్టు. అక్కడోసారి, ఇక్కడోసారి" అంది ఆమె.

"డాక్టరు కాగితం లేకుండానా? ఉద్యోగాలు ఊడతాయి."

"ఊడితే నాది. నువ్వు బటన్ నొక్కావంతే."

మర్నాడు పొద్దున ఆరింటికి పాత గదిలో పడుకుంది. పందొమ్మిదేళ్లలో వేలమందిని పడుకోబెట్టింది గానీ, అంత ఇరుకుగా ఉంటుందని ఒంటికి తెలియడం అదే మొదటిసారి. మొహం మీద తొట్టి బోర్లించినట్టుంది. డబడబమని చప్పుడు. బయటికొచ్చి, చెప్పులేసుకుని, నడవా దాటి కొత్త గదిలో మళ్లీ పడుకుంది. రెండింటినీ వేర్వేరు నంబర్లతో జోస్యానికి పంపారు. పావుగంటలో జవాబులు వచ్చాయి.

పాత గది, తొమ్మిది. కొత్త గది, డెబ్బై ఒకటి.

బావగారు కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడ్డాడు. "అనుమానాలక్కా, నువ్వే గెలిచావు" అన్నాడు.

గెలిచిన మనిషి మొహంలో మాత్రం నెత్తుటి చుక్క లేదు. డెబ్బై ఒకటి అన్న అంకె పక్కన తన వయసు, తన బరువు కనిపిస్తున్నాయి. అది తప్పని నిరూపించడానికేగా ఇంత చేసింది, అయినా బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్లి తలుపేసుకుని ఒంటికాలి మీద నిలబడి చూసుకుంది. కాలివేళ్లు ఒక్కొక్కటే ఆడించింది. పోయిన నెల అరచెయ్యి తిమ్మిరెక్కింది కదా, అది నిద్రలో చెయ్యి ఒంటి కింద పడ్డం వల్లేనా? బయటికొచ్చి తన బొమ్మలు తనే పొర పొరగా చూసుకుంది. ఒక్క మచ్చ లేదు. బావగారినీ చూడమంది. "నీ మెదడంతా శుభ్రంగానే ఉంది. అనుమానం ఎక్కడుందో మాత్రం కనిపించలేదు" అన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు. ఒక ఉత్త అంకె ఇంత పని చేస్తుందా అని భయం వేసింది. తమ్ముడి చేతిలో ఉన్నది కూడా అలాంటి అంకే.

మర్నాడు మధ్యాహ్నం పెద్ద డాక్టరు పిలిపించాడు. గదిలో బూడిదరంగు కోటావిడ కూడా ఉంది. డాక్టరు కూర్చోమనలేదు.

"నిన్న పొద్దున అనుమతి లేకుండా రెండు స్కాన్లు జరిగాయి. ఎవరివి?"

"నావే సార్."

"మీ తమ్ముడి ఫైలు ఈ నెలలో నాలుగుసార్లు తెరిచారు. కంప్యూటర్లో అన్నీ నమోదవుతాయి. తెలుసుగా?"

"తెలుసు సార్."

"అతని అంకె మార్చాలని చూశారా?"

ఆమె ఒక్క క్షణం తెల్లబోయింది. ఇన్నాళ్లూ తను వీళ్లను అనుమానిస్తోంది. వీళ్లూ తనని అంతే అనుమానిస్తున్నారన్న ఆలోచనే రాలేదు. "తక్కువ అంకెని ఎవరైనా ఎందుకు మారుస్తారు సార్?" అని, సంచీలోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. తొమ్మిది, డెబ్బై ఒకటి. పక్కనే పెన్సిలు గళ్ల డ్యూటీ చార్టు.

డాక్టరు చూశాడు. కళ్లద్దాలు తీసి మళ్లీ చూశాడు.

"మీకు జబ్బు లేదు కదా."

"లేదనే అనుకుంటున్నా. మీ జోస్యం మాత్రం పాత గదిలో లేదంటోంది, కొత్త గదిలో ఉందంటోంది. మధ్యలో ముప్పై అడుగుల నడవా. అది దాటితే జబ్బొస్తుందా సార్?"

కోటావిడ గొంతు సవరించుకుంది. "యంత్రాల తేడా సరిచేశాం. ఒక్క మనిషిని చూసి..."

"ఇంకో మనిషి కావాలా?" అన్నాడు డాక్టరు. అతను కోపంగా ఉన్నాడో, సిగ్గుపడుతున్నాడో తెలియలేదు. లేచి గడియారం, బెల్టు తీసి బల్ల మీద పెట్టాడు. "పదండి."

విభాగమంతా నోళ్లు తెరుచుకుని చూసింది. పెద్ద డాక్టరు ఆసుపత్రి గౌను వేసుకుని పాత గదిలోకి వెళ్లాడు. ఒంటిమీద లోహముందా అని అనుమానాలక్క మూడుసార్లు అడిగింది. మూడోసారికి దవడ పన్నుకు తొడుగు ఉందని ఒప్పుకున్నాడు. దాంతో ఇబ్బంది లేదంది. అరగంటకు బయటికొచ్చి, గౌను వెనక్కి లాక్కుంటూ నడవా దాటి కొత్త గదిలోకి వెళ్లాడు. జవాబుల కోసం ముగ్గురూ ఒకే తెర ముందు నిలబడ్డారు.

ఎనిమిది. అరవై ఆరు.

కోటావిడ ముందుగా కదిలింది. తన కంప్యూటరు తెరిచి, ప్రోగ్రాంకు నేర్పడానికి ఈ ఆసుపత్రి ఇచ్చిన రెండు వేల పాత స్కాన్ల జాబితా తీసింది. జబ్బు తిరగబెట్టినవాళ్ల స్కాన్లు ఏ యంత్రం మీద తీసినవో లెక్క అడిగింది. నూటికి ఎనభై తొమ్మిది కొత్త యంత్రం మీద తీసినవే. ఆవిడ మొహం సున్నం కొట్టినట్టయింది. "మొదటిరోజే అడిగాను, రెండూ కలిపే ఇచ్చారా అని. కలిసే ఉంటే మంచిదే అనుకున్నా. ఎవర్ని ఏ గదికి పంపుతారో అడగలేదు" అంది. ఇది దాచిపెట్టిన మనిషి గొంతు కాదని అనుమానాలక్కకు అప్పుడర్థమైంది. ఇన్నాళ్లూ కళ్లు దించుకోవడం ఆవిడ అలవాటంతే.

ఎవర్ని ఏ గదికి పంపాలన్న కాగితం నడవా గోడ మీద ఆరేళ్లుగా అతికించి ఉంది. జబ్బు తిరగబెట్టిందని అనుమానమున్నవాళ్లను కొత్త గదికి పంపాలి, ఏటా మామూలుగా వచ్చేవాళ్లను పాత గదికి పంపాలి. కింద పెద్ద డాక్టరు సంతకం.

"మరి నూటికి తొంభై సార్లు సరిపోయింది కదా" అన్నాడు డాక్టరు, తనలో తను అనుకున్నట్టు.

"సరిపోదా మరి? ఎవరికి తిరగబెట్టిందో మనకి ముందే అనుమానం. ఆ అనుమానంతోనే గది మార్చాం. అది గదిని గుర్తుపట్టి, మన అనుమానాన్నే మనకి అంకె చేసి ఇచ్చింది. మెదడు చూసిందో లేదో దానికే తెలియాలి" అందామె.

డాక్టరు కుర్చీలో కూలబడ్డాడు. గౌను ఇంకా విప్పలేదు. కాసేపటికి, "మీ తమ్ముడితో పాటు ఇంకో పదిహేడు మందికి మందు తగ్గించాలని రాసిపెట్టాను. వచ్చే వారం నుంచి" అన్నాడు. "అందర్నీ పిలిపించండి. ఒక్కొక్కర్నీ నేనే చూస్తాను."

"మావాణ్ణి నేను తీసుకొస్తా సార్" అంది.

సాయంత్రం వెళ్లేసరికి తమ్ముడు దుకాణం ముందు కుర్చీలో ఉన్నాడు. మరదలు కుంచెలు కడుగుతోంది. ఆమె బల్ల మీదున్న ఎర్ర మూత ఒకటి తీసి అతని మొహానికి ఎదురుగా పట్టుకుంది.

"కుడి కన్ను మూసి చూడు. ఏం రంగు?"

"ఎరుపు. ఏంటక్కా, పిల్లాటలు."

"ఇప్పుడు ఎడమది మూయి."

అతను మూయలేదు. మరదలి చేతిలో కుంచె నీళ్లలో పడింది.

"చెప్పనివ్వలేదు వదినా, ఒట్టు పెట్టించుకున్నాడు. ఆ కంటికి ఎరుపు ఇటుకపొడిలా కనిపిస్తోందట. పొగమంచులా ఉందట. కన్ను తిప్పితే నొప్పట" అంది ఒక్క ఊపిరిలో.

"ఎన్నాళ్లుగా?"

"స్కానుకి పది రోజుల ముందు నుంచి" అన్నాడు తమ్ముడు.

ఆమె ఎర్ర మూత బల్ల మీద పెట్టేసింది. కంటి నరం వాచింది. ఈ జబ్బు అక్కడ కూడా కొరుకుతుంది. మామూలు మెదడు స్కానులో ఆ నరం సరిగా కనపడదు. దానికి విడిగా తీయాలి. విడిగా తీయాలంటే కన్ను మసకగా ఉందని ఎవరైనా చెప్పాలి.

"నేను అడిగాను కదరా. ఇబ్బందులేమైనా అని."

"అడిగావు." అతని గొంతులో కోపం లేదు. "అందర్నీ మూడుసార్లు అడుగుతావు. నన్ను ఒక్కసారే అడిగావు. పనెక్కువగా ఉందేమోలే అనుకున్నా. ఇంకోసారి అడిగుంటే చెప్పేసేవాణ్ణేమో. మళ్లీ రెండు నెలలు మంచం మీదుంటే ఇది ఒక్కతే ఏం చేస్తుంది అని భయమేసింది. మర్నాడు పదకొండు వచ్చిందన్నారు. అంత పెద్ద మిషను ఏం లేదంటోంది, నా కన్నేదో అలిసిందిలే అనుకున్నా. నా కంటికన్నా దాన్నే ఎక్కువ నమ్మాను."

ముక్కూమొహం తెలియని లేతు పనివాడి గోళ్లు కూడా చూసి ఆరా తీసిన మనిషి, సొంత తమ్ముడి దగ్గరికొచ్చేసరికి గీత గీసి పడుకోమంది. వాడు తన దగ్గర దాచడని. ఆ ఒక్క నమ్మకానికి తనకు తాను వేసుకున్న శిక్ష ఏ పెద్ద డాక్టరూ వేయలేడు. మరదలు వచ్చి పక్కన కూర్చుంది. "నాదీ తప్పే వదినా" అంది.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రిలో చేర్చారు. కంటికి విడిగా స్కాను తీస్తే కుడి నరం ఉబ్బి మెరుస్తోంది. ఐదు రోజులు సెలైన్లో మందు ఎక్కించారు. డాక్టరు మందు తగ్గించడం మాట అటుంచి, ఇంకా గట్టిదానికి మార్చాడు. కంటి ముందు పొగమంచు నెలన్నరకు విడిపోయింది. కుడి కంటికి ఎరుపు మాత్రం ఇప్పటికీ ఒక మెట్టు తక్కువగానే ఉంటుందంటాడు. రంగు కలిపేటప్పుడు మరదలిని పక్కన నిలబెట్టుకుని అడుగుతాడు.

పిలిపించిన పదిహేడు మందిలో ఇంకో ఇద్దరికి జబ్బు లేచి ఉంది. గోడ పట్టుకుని వచ్చినామె ఒకరు. పదిహేను మంది బాగానే ఉన్నారు. జోస్యాన్ని కంపెనీ వెనక్కి తీసుకెళ్లింది, రెండు గదులకూ సమానంగా నేర్పి తెస్తామంది. అనుమతి లేకుండా తనను తను స్కాను చేసుకున్నందుకు అనుమానాలక్కకు హెచ్చరిక లేఖ వచ్చింది. కింద సంతకం పెద్ద డాక్టరుదే. దాంతోపాటు ఇంకో కాగితం కూడా వచ్చింది. ఇక మీదట అలాంటి ప్రోగ్రాం ఏది వచ్చినా ముందు ఆమె చూసి సరేనన్నాకే తెరవాలని. రెండూ ఒకే కవరులో ఉన్నాయి. బావగారికి ఏ లేఖా రాలేదు. బటన్ నొక్కింది ఎవరని అడిగితే ఆమె చెప్పలేదు.

ఏడాది తిరిగింది. తమ్ముడి స్కాను ఈసారి ఆమె చేయలేదు. బావగారికి అప్పగించి, మొట్టమొదటిసారి బయట కుర్చీల్లో, మరదలి పక్కన, రోగి తాలూకు మనిషిగా కూర్చుంది. గోడ అవతల యంత్రం కొట్టుకుంటుంటే మరదలు ఆమె చెయ్యి పట్టుకుంది. ఇటు కూర్చుంటే ఆ చప్పుడు వేరేలా వినిపిస్తుందని ఆమెకు తెలిసింది.

రెండు రోజుల తర్వాత ముగ్గురూ పెద్ద డాక్టరు గదిలో ఉన్నారు. ఆయన ముందుగా తమ్ముడి కళ్లు చూశాడు, నడిపించాడు, మోకాళ్ల మీద సుత్తితో తట్టాడు. స్కానులో కొత్త మచ్చల్లేవన్నాడు. మందు ఇదే ఉంటుందన్నాడు. ఆఖర్న, కొత్తగా నేర్పి తెచ్చిన జోస్యం ఇచ్చిన అంకె ఫైల్లో రాసుకుంటూ పైకి చదివాడు. "ముప్పై నాలుగు."

"అది ఎక్కువా, తక్కువా?" అన్నాడు తమ్ముడు.

డాక్టరు పెన్ను మూత పెట్టాడు. "నాకు తెలీదు. రాసిపెట్టుకుంటున్నా. ఏడాదయ్యాక నువ్వు ఎలా ఉన్నావో చూసి, అప్పుడు చెబుతా."

తమ్ముడు అక్క వంక చూశాడు. ఇలాంటప్పుడు ఆమె ఏదో ఒకటి అడుగుతుందని వాడికి తెలుసు. అనుమానాలక్క డాక్టరు మొహంలోకి కాసేపు నిదానంగా చూసింది. వెతికినా అనుమానించడానికి ఏమీ దొరకలేదు. సంచీ భుజానికి తగిలించుకుని, "పద, కింద నాకు డ్యూటీ ఉంది" అంది.